గుసగుస వినేదెవరు?

హైవోల్టేజి పరికరాల్లో ఇన్సులేషన్ చెడిపోతున్నప్పుడు చెవికందని చప్పుళ్లు పుడతాయి. వాటిని పట్టుకునే సాంకేతిక పరిజ్ఞానం పాతదే. విన్నాక ఏం చేయాలన్నదే అసలు సమస్య.

2025 మార్చి 20 రాత్రి 11 దాటాక పశ్చిమ లండన్‌లోని నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో 275 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి భగ్గుమంది. చుట్టుపక్కల సుమారు 67,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ సబ్‌స్టేషన్ నుంచి విద్యుత్తు అందుకునే హీత్రో విమానాశ్రయం మర్నాడు దాదాపు రోజంతా మూతపడింది. 1,300కు పైగా విమాన సర్వీసులు, సుమారు 2,70,000 మంది ప్రయాణాలు తారుమారయ్యాయి. ముంబాయి నుంచి లండన్ బయల్దేరిన ఎయిరిండియా విమానం దారి మధ్యలో వెనక్కి తిరిగింది. ఢిల్లీ నుంచి వెళ్లింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది.

ఇంత గందరగోళానికీ మూలం ఒక బుషింగ్. ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన కొమ్ములా నిలబడి, హైవోల్టేజి తీగ ఇనుప ట్యాంకుకు తగలకుండా లోపలికి చేర్చే గొట్టమది. అందులోకి తేమ చేరి షార్ట్ సర్క్యూట్ అయి ఉండొచ్చని బ్రిటన్ జాతీయ ఇంధన వ్యవస్థను నడిపే సంస్థ నెసో 2025 జులైలో ఇచ్చిన తుది నివేదిక చెప్పింది. నివేదికలో అంతకంటే కలవరపరిచే విషయం మరొకటుంది. ఆ బుషింగ్ నూనెలో తేమ ఎక్కువగా ఉందని 2018 జులైలో తీసిన నమూనాలోనే బయటపడింది. దాని తీవ్రతకు తగ్గ చర్య మాత్రం తీసుకోలేదు. 2022లో ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు చేయాల్సిన మామూలు మెయింటెనెన్స్‌ను కూడా వాయిదా వేశారు. హెచ్చరికకూ మంటకూ మధ్య ఆరేళ్లకు పైగా వ్యవధి దొరికింది. దాన్ని ఎవరూ వాడుకోలేదు. బ్రిటన్ విద్యుత్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ దీనిపై విచారణ మొదలుపెట్టింది.

అక్కడ జబ్బును చెప్పింది నూనె పరీక్ష. హైవోల్టేజి పరికరాలు తమ అనారోగ్యాన్ని మరో విధంగానూ చెప్పుకుంటాయి. అది శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు, స్విచ్‌గేర్, ఇన్సులేటర్లు పూర్తిగా దెబ్బతినడానికి ముందు, తరచూ వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి మనిషి చెవికి అందని చప్పుళ్లు చేస్తాయి. వాటిని పట్టుకునే విద్య దశాబ్దాలుగా ఉంది. భారత్‌లోనూ ఉంది. అయినా అది ఎంతవరకు అక్కరకొస్తుందన్నది సెన్సర్ మీద కాక, సెన్సర్ చెప్పింది విని నిర్ణయం తీసుకునే కార్యాలయం మీద ఆధారపడుతోంది.

పుచ్చిన పన్నులా...

ట్రాన్స్‌ఫార్మర్ అనగానే రాగి, ఇనుము గుర్తొస్తాయి. కానీ దాని ఆయుష్షును తేల్చేది కాగితం. రాగి చుట్లకు ప్రత్యేకమైన కాగితం చుట్టి, మధ్యమధ్య అట్టలు పెట్టి, మొత్తాన్ని నూనెలో ముంచుతారు. నూనె వేడిని మోసుకుపోతుంది. నూనె పీల్చుకున్న కాగితం లక్షల వోల్టులను ఆపుతుంది. నూనెను వడగట్టవచ్చు, మార్చవచ్చు. లోపలి కాగితాన్ని మార్చాలంటే మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌ను దాదాపు కొత్తగా కట్టాల్సిందే.

కాగితం పొరల మధ్య ఎక్కడో చిన్న గాలిబుడగ మిగిలిపోయిందనుకుందాం. తయారీలో లోపం కావచ్చు, తేమ చేరి ఉండొచ్చు, రవాణాలో కుదుపుకు అట్ట వదులై ఉండొచ్చు. నూనె పట్టిన కాగితం కంటే గాలికి విద్యుత్తును అడ్డుకునే శక్తి చాలా తక్కువ. మామూలు పీడనం వద్ద మిల్లీమీటరు గాలి సుమారు 3 కేవీ వరకే తట్టుకుంటుంది. పైగా చుట్టూ ఉన్న కాగితం కంటే బుడగలోనే విద్యుత్ క్షేత్రం ఎక్కువ తీవ్రంగా ఉంటుంది. అంటే గొలుసులో అత్యంత బలహీనమైన లంకె మీదే అత్యంత బరువు పడుతుంది. ఫలితంగా బుడగలో ఓ నిప్పురవ్వ పుడుతుంది. అది ఇన్సులేషన్‌ను ఆసాంతం దాటదు. బుడగ అంచుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇంజనీర్లు దీన్ని పార్షియల్ డిశ్చార్జి, అంటే పాక్షిక ఉత్సర్గం అంటారు.

ఒక్క రవ్వ వల్ల ఏమీ కాదు. దాని పరిమాణాన్ని పీకో కూలుంబ్‌లలో కొలుస్తారు. కూలుంబ్‌లో లక్ష కోట్లో వంతు అది. కానీ మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది, ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు వోల్టేజి పతాక స్థాయికి చేరుతుంది. అంటే సెకనుకు 100 అవకాశాలు, రోజుకు 86 లక్షలకు పైగా. ప్రతి రవ్వా కాగితాన్ని కాస్త కాలుస్తుంది, నూనెను కాస్త విడగొడుతుంది. పుచ్చిన పన్నులా లోపం లోపల్లోపలే పెద్దదవుతుంది. ఏదో ఒక రోజు పిడుగుపాటుకో, స్విచ్ వేసినప్పటి వోల్టేజి తాకిడికో మిగిలిన ఇన్సులేషన్ తలొగ్గుతుంది. చూసేవారికి అది హఠాత్తుగా జరిగిన పేలుడు. నిజానికి అది ఎప్పుడో మొదలై ఉంటుంది.

అందుకే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాక్టరీ గడప దాటకముందే ఈ పరీక్ష పెడతారు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2013 నాటి ప్రమాణం ప్రకారం, మామూలు కంటే ఎక్కువ వోల్టేజి వద్ద గంటసేపు ఉంచినప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో ఈ డిశ్చార్జి 250 పీకో కూలుంబ్‌లు దాటకూడదు. ఫ్యాక్టరీలో చుట్టూ లోహపు తెరలు కట్టిన గదుంటుంది కాబట్టి విద్యుత్ పద్ధతిలో ఇంత చిన్న పరిమాణాన్ని కొలవడం సాధ్యం. సబ్‌స్టేషన్ యార్డులో ఆ సౌకర్యం లేదు. అక్కడ లైన్ల మీది కరోనా, రేడియో తరంగాలు, స్విచింగ్ అన్నీ కలిసి విద్యుత్ సంకేతాన్ని ముంచేస్తాయి. శబ్ద పద్ధతి అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. యార్డులోని విద్యుత్ గోలను శబ్ద సెన్సర్ పెద్దగా పట్టించుకోదు.

మెరుపు తర్వాత ఉరుము

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే వినిపించే గుయ్‌మనే రొదకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. అది కోర్‌లోని ఉక్కు రేకులు అయస్కాంత ప్రభావానికి సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకోవడం వల్ల పుట్టేది. ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా అలాగే మోగుతుంది. వానాకాలపు రాత్రుల్లో 400 కేవీ లైన్ల కింద వినిపించే చిటపటలు తీగ చుట్టూ గాలిలో పుట్టే కరోనావి. కొంత విద్యుత్తు వృథా అవుతుంది తప్ప తీగ మీది కరోనాతో వెంటనే ముంచుకొచ్చే ముప్పు ఉండదు. ప్రమాదకరమైన చప్పుడు వేరు. నూనెలో రవ్వ పుట్టినప్పుడు చుట్టూ ఉన్న ద్రవం ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ తోపుడే అల అవుతుంది. దానిలో ఎక్కువ భాగం 20 కిలోహెర్ట్జ్‌కు పైన, వందల కిలోహెర్ట్జ్ వరకు విస్తరిస్తుంది. మనిషి వినికిడి 20 కిలోహెర్ట్జ్‌తోనే ఆగిపోతుంది.

కాబట్టి చెవి పనిని పీజోఎలక్ట్రిక్ స్ఫటికానికి అప్పగించారు. ఒత్తిడి తగిలితే వోల్టేజి పుట్టించే స్ఫటికమది. దాన్ని బిగించిన బిళ్లను ట్యాంకు గోడకు అయస్కాంతంతో అతికిస్తారు. మధ్యలో గాలి పొర మిగిలితే శబ్దం అందదు కాబట్టి గ్రీజు రాస్తారు. బోరు మోటారు మెకానిక్ స్క్రూడ్రైవర్ ఒక కొసను బేరింగ్ మీద, మరో కొసను చెవి దగ్గర పెట్టి లోపం పట్టడం మోటార్లున్న ప్రతి ఊళ్లోనూ తెలిసిన విద్యే. సూత్రం అదే. కాకపోతే ఇక్కడ సెన్సర్ వినేది సాధారణంగా 150 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. కోర్ రొద, అందులోని అయస్కాంత గొణుగుడు ఎక్కువగా 50 కిలోహెర్ట్జ్‌కు లోపే ఉంటాయి కాబట్టి వాటిని వడగట్టవచ్చు. సెన్సర్ అతికించడానికి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపనక్కర్లేదు. ట్యాంకు ఎర్త్ అయి ఉంటుంది. కరెంటు పారుతుండగానే వినొచ్చు.

అసలు లాభం ఇంకొకటి. చప్పుడు ఉందని చెప్పడమే కాదు, ఎక్కడుందో కూడా ఈ పద్ధతి చెబుతుంది. మెరుపు కనిపించాక ఉరుము ఎన్ని సెకన్లకు వినిపించిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో అంచనా వేసినట్టే ఇదీ. రవ్వ పుట్టగానే విద్యుత్ సంకేతం కంటిరెప్ప పాటులో బయటికొస్తుంది. శబ్దం మాత్రం నూనెలో సెకనుకు సుమారు 1,400 మీటర్ల వేగంతో నడిచొస్తుంది. అంటే మిల్లీ సెకనుకు 1.4 మీటర్లు. రెండింటికీ మధ్య ఒకటిన్నర మిల్లీ సెకన్ల తేడా ఉంటే రవ్వ సెన్సర్‌కు సుమారు 2.1 మీటర్ల దూరంలో ఉన్నట్టు. మూడు నాలుగు సెన్సర్లను వేర్వేరు చోట్ల అతికించి లెక్కగడితే ట్యాంకు లోపల ఆ చోటు దొరుకుతుంది. ఇంటి పరిమాణంలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపం ఏ ఫేజ్ వైపుందో, పైనా కిందా అన్నది తెలిస్తే, మరమ్మతు అక్కడికక్కడే చేయాలా, ఫ్యాక్టరీకి పంపాలా అన్న కోట్ల రూపాయల ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

చెవి చేసే మోసాలు

ఇది మంత్రదండం కాదని ఈ రంగంలో పనిచేసేవారికి తెలుసు. నూనె వేడెక్కితే శబ్దం నెమ్మదిస్తుంది, లెక్క మారుతుంది. ఉక్కులో శబ్దం నూనెలో కంటే మూడు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి దూరంగా ట్యాంకును తాకి గోడ వెంట వచ్చిన అల, నేరుగా నూనెలోంచి వచ్చిన అల కంటే ముందే సెన్సర్‌ను చేరి దారి తప్పించవచ్చు. వాన చినుకులు, గాలికి ఎగిరే ఇసుక, వదులైన బోల్టు, కూలింగ్ పంపు, ట్యాప్ ఛేంజర్ కదలిక అన్నీ శబ్దమే. రవ్వ శబ్దమైతే 50 హెర్ట్జ్ ఆవృత్తంతో పాటు లయబద్ధంగా వస్తుంది. వానకు ఆ లయ ఉండదు. అనుభవజ్ఞులు ముందుగా చూసేది దాన్నే.

అన్నిటికంటే పెద్ద పరిమితి లోతు. చుట్ల అడుగున, కోర్ పక్కన, అట్టల పొరల వెనుక పుట్టిన శబ్దం గోడను చేరేలోపే అణగారిపోవచ్చు. సెన్సర్ మౌనంగా ఉందంటే లోపం లేదని అర్థం కాదు. పైగా శబ్దం ఎంత గట్టిగా ఉందో చూసి డిశ్చార్జి ఎన్ని పీకో కూలుంబ్‌లో చెప్పడం కుదరదు. హీత్రోను ముంచిన బుషింగ్ లాంటి వాటికి నూనె నమూనా, కెపాసిటెన్స్, టాన్ డెల్టా పరీక్షలే ప్రధాన ఆధారం.

అందుకే శబ్దాన్ని ఒంటరిగా నమ్మరు. నూనెలో కరిగిన వాయువుల విశ్లేషణ దానికి జోడీ. రవ్వలు నూనెను విడగొడితే ముందుగా హైడ్రోజన్ పెరుగుతుంది. పెద్ద ఆర్క్ మొదలైతే అసిటిలీన్ కనబడుతుంది. కాగితం కాలితే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువవుతుంది. రక్త పరీక్షలో తేడా వస్తే డాక్టరు స్కానింగ్ రాసినట్టు, వాయువులు అనుమానం పుట్టిస్తే సెన్సర్లు చోటు చూపుతాయి. 1921లో జర్మనీకి చెందిన మాక్స్ బుఖోల్జ్ రూపొందించిన రిలే కూడా నూనెలో పుట్టే ఈ వాయువుల్నే పట్టుకుంటుంది. నేటికీ చాలా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల మీద అది ఉంటుంది. కాకపోతే అది మోగేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది.

నూనె లేని చోట శబ్దం ఇంకా బాగా పనిచేస్తుంది. స్థలం కరువైన నగరాల్లో గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్లు కడుతున్నారు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని రాయదుర్గంలో 400 కేవీ స్థాయిది ఉంది. లోహపు గొట్టాల్లో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపి, మధ్యలోంచి హైవోల్టేజి కడ్డీని పంపుతారు. బిగింపు సమయంలో ఓ చిన్న లోహపు రజను లోపల మిగిలిపోతే అది విద్యుత్ క్షేత్రానికి ఎగిరెగిరి పడుతుంటుంది. ఆ గెంతుల టకటకను గొట్టం మీది సెన్సర్ ఇట్టే పట్టేస్తుంది. ఆ వాయువులో శబ్దం సెకనుకు సుమారు 140 మీటర్లే నడుస్తుంది. గాలిలో కంటే సగానికి తక్కువ.

ఆరుబయటి ఇన్సులేటర్ల సంగతి మరోటి. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉప్పు గాలి, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ధూళి, ఉత్తరాదిన డిసెంబరు, జనవరి పొగమంచు పింగాణీ మీద పొరలా పేరుకుంటాయి. దాని మీద తేమ పడితే కరెంటు పాకుతుంది. ముదిరితే ఫ్లాష్ఓవర్ అయి లైన్ ట్రిప్ అవుతుంది. ఉత్తరాది గ్రిడ్‌ను పొగమంచు పదే పదే ఇబ్బంది పెట్టింది ఈ దారిలోనే. చలికాలానికి ముందు ఇన్సులేటర్లను కడగడం, పింగాణీ స్థానంలో పాలిమర్‌వి బిగించడం అందుకే. ఇక్కడ 40 కిలోహెర్ట్జ్ ప్రాంతపు శబ్దాన్ని చెవికి వినబడేలా దించి హెడ్‌ఫోన్లో వినిపించే చేతి పరికరాలు చాలాకాలంగా ఉన్నాయి. తర్వాత అకౌస్టిక్ కెమెరాలూ వచ్చాయి. ఫ్లిర్ సంస్థ 2020లో తెచ్చిన ఎస్ఐ124లో 124 మైక్రోఫోన్లున్నాయి. ఏ ఇన్సులేటర్ చిటపటలాడుతోందో తెర మీద రంగు మచ్చగా చూపిస్తుంది. నేల మీదే నిలబడి, సురక్షిత దూరం నుంచే చూడొచ్చు.

పరిజ్ఞానం ఉంది, పద్ధతి లేదు

ఈ విద్యకు శాస్త్రీయ పునాది లేదని ఎవరూ అనలేరు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో పనిచేసిన లార్స్ లుండ్‌గార్డ్ 1992లోనే శబ్ద పద్ధతి మూలసూత్రాలను, ఉపయోగాలను క్రోడీకరించారు. ట్రాన్స్‌ఫార్మర్లలో శబ్దంతో లోపం చోటు పట్టడానికి అమెరికాకు చెందిన ఐఈఈఈ 2000లో మార్గదర్శకం తెచ్చి తర్వాత సవరించింది. విద్యుదయస్కాంత, శబ్ద పద్ధతుల కోసమే అంతర్జాతీయ కమిషన్ 2016లో ప్రత్యేక పత్రం వెలువరించింది. భారత్‌లో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్‌ఐ 1960లో బెంగళూరులో పుట్టింది. అత్యధిక వోల్టేజిల కోసం దాని ప్రయోగశాల హైదరాబాద్ శివారులో ఉప్పల్ వైపు ఉంది. ఐఐటీ మద్రాసు హైవోల్టేజి ప్రయోగశాలలో పాక్షిక ఉత్సర్గాన్ని శబ్ద, రేడియో తరంగాలతో పట్టడంపై ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నాయి. 2012లో మధ్యప్రదేశ్‌లోని బీనాలో 1200 కేవీ పరీక్షా కేంద్రాన్ని చార్జి చేసి దేశం తన సత్తా చాటింది.

మరి లోటు ఎక్కడ? 220 కేవీ, అంతకు పైబడిన సబ్‌స్టేషన్లలో పరికరాలు విఫలమైతే కారణాలు పరిశీలించడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సీఈఏలో నిపుణుల స్థాయీ సంఘం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు, సర్జ్ అరెస్టర్లు ఎలా పోయాయో దాని నివేదికల్లో వరుసగా కనిపిస్తుంది. రికార్డులు సక్రమంగా ఉంచాలని, పరికరాల స్థితిని ఎప్పటికప్పుడు పరీక్షించాలని వాటిలో మళ్లీ మళ్లీ చెబుతుంటారు. మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

శబ్ద పరీక్షకు రికార్డు ప్రాణం. ఒక్కరోజు కొలతకు అర్థం తక్కువ. పోయిన ఏడాది ఇదే చోట, ఇదే లోడు మీద ఎంత వినిపించింది, ఈ ఏడాది ఎంత అన్నదే డాక్టరుకు కావాల్సిన చరిత్ర. 1990లో హైదరాబాద్ పరిసరాల్లో బిగించిన ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊహించుకుంటే, అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు చేతిలో మొదలై, 1999లో బోర్డు విడిపోయాక ట్రాన్స్‌కోకు, 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ట్రాన్స్‌కోకు చేరి ఉంటుంది. యంత్రం కదల్లేదు, యజమాని మారాడు. ఫైళ్లు, రిజిస్టర్లు, వాటిని చదవగల ఇంజనీర్లు యంత్రంతో పాటే ఉన్నారా అన్నది ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ అడగాల్సిన ప్రశ్న.

రెండో చిక్కు లెక్కల్లో ఉంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలు ఏసీ ట్రాన్స్‌మిషన్ వ్యవస్థకు 98 శాతం అందుబాటును ప్రమాణంగా పెట్టాయి. అందుబాటు తగ్గితే సంస్థ ఆదాయం తగ్గుతుంది. వినియోగదారుడి కోణంలో ఇది న్యాయమే. కానీ దీనికి మరో ముఖం ఉంది. వినడానికి షట్‌డౌన్ అక్కర్లేదు. విన్నదాన్ని తేల్చుకోవడానికి, ట్యాంకు తెరవడానికి మాత్రం షట్‌డౌన్ తప్పదు. దక్షిణాది అంతర్‌రాష్ట్ర వ్యవస్థలో పెద్ద పరికరాన్ని ఆపాలంటే బెంగళూరులోని ప్రాంతీయ కమిటీ, లోడ్ డిస్పాచ్ కేంద్రాల దగ్గర ముందే వరుసలో నిలబడాలి. వేసవిలో డిమాండ్ పతాక స్థాయిలో ఉన్నప్పుడు అనుమానం మీద 400 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపమని రాసే ఇంజనీరు ధైర్యం చేస్తున్నట్టే. ఆపాక లోపం చిన్నదని తేలితే అనవసరంగా ఆపాడంటారు. ఆపకుండా ఉండి అది ఆరు నెలలు బతికితే ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత పేలితే, అది పరికరం తప్పు. ఈ లెక్కలో మౌనమే లాభసాటి. బ్రిటన్‌లోనైనా భారత్‌లోనైనా ఈ బేరం ఒకటే.

మూడోది కొనుగోళ్ల తీరు. ఆన్‌లైన్ పర్యవేక్షణ పరికరాలను కొత్త ట్రాన్స్‌ఫార్మర్లతో పాటే కొనడం తేలిక. పెట్టుబడి ఖాతాలో పడుతుంది. కానీ వచ్చే సంకేతాన్ని ఏళ్ల తరబడి చదివే మనుషుల జీతం నిర్వహణ ఖాతాలో పడుతుంది. దానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. తప్పుడు అలారంలు రెండుసార్లు మోగితే మూడోసారి స్విచ్ కట్టేస్తారు.

ఆలస్యం ఖరీదు

ఈ నిర్లక్ష్యానికి ఇదివరకంటే ఇప్పుడు ఎక్కువ మూల్యం చెల్లించాల్సి వస్తోంది. 220 కేవీ, ఆపై స్థాయిలో దేశంలోని ట్రాన్స్‌మిషన్ లైన్లు దాదాపు 5 లక్షల సర్క్యూట్ కిలోమీటర్లకు చేరాయి. ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం 2025 నాటికే 13 లక్షల ఎంవీఏ దాటింది. ప్రపంచమంతా ఒకేసారి గ్రిడ్లను విస్తరిస్తుండటంతో తయారీదారుల వద్ద క్యూ పెరిగింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఫిబ్రవరి నివేదిక ప్రకారం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చేతికి రావడానికి నాలుగేళ్ల దాకా పడుతోంది. 2019తో పోలిస్తే ధరలు సుమారు 75 శాతం పెరిగాయి. వందల టన్నుల యంత్రం అది. ఆర్డరిచ్చినా, సిద్ధమైనా, దాన్ని రోడ్డు మీద తరలించడమే ఒక ప్రాజెక్టు. పాతదాన్ని మరో అయిదేళ్లు క్షేమంగా నడపగలగడం ఇప్పుడు పొదుపు మాత్రమే కాదు, అవసరం.

పని తీరూ మారింది. కర్నూలు, అనంతపురం సౌర పార్కుల్లోని ట్రాన్స్‌ఫార్మర్లు పగలు నిండు లోడు మోసి రాత్రి చల్లబడతాయి. రోజూ వేడెక్కి చల్లారే కాగితంలో, నూనెలో తేమ అటూ ఇటూ మారుతుంటుంది. ఒకే లోడుపై నిలకడగా నడిచే పాతకాలపు యంత్రాలకు రాసుకున్న మెయింటెనెన్స్ క్యాలెండర్ వీటికి చాలదు.

అలాగని పొలం గట్టు మీది 25 కేవీఏ, 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లన్నిటికీ సెన్సర్లు తగిలించడం కుదరదు. ఖర్చు గిట్టదు. కానీ వాటి వల్ల వచ్చే ముప్పు చిన్నది కాదు. 2017 అక్టోబరు 31న రాజస్థాన్‌లోని షాపురా సమీపంలో ఖాతోలై గ్రామంలో ఊరి మధ్యనున్న ట్రాన్స్‌ఫార్మర్ పేలి మరిగే నూనె పెళ్లివారి మీద చిమ్మింది. డజనుకు పైగా మృతి చెందారు. ఇలాంటి చోట పని చేసేవి పాత పద్ధతులే. నూనె మట్టం, ఎర్తింగ్, ఫ్యూజులు సరిచూడటం, ఓవర్‌లోడ్ తగ్గించడం, నూనె కారుతోందని, మోత మారిందని ఊరివాళ్లు చెబితే ఆ ఫిర్యాదును రాసుకుని కదలడం. రోజూ అటుగా వెళ్లే రైతుకు ట్రాన్స్‌ఫార్మర్ మామూలు రొద ఏదో, కొత్త చప్పుడు ఏదో బాగా తెలుసు. అక్కడ కూడా కొరత చెవులకు కాదు.

సంతకం ఎవరిది?

పెద్ద పరికరాల విషయంలో చేయాల్సింది అంతుచిక్కని వ్యవహారమేమీ కాదు. మొదటిది, బిగించిన రోజే ప్రతి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ శబ్దాన్ని, వాయువుల స్థాయిని కొలిచి దాని జాతకంలా భద్రపరచాలి. రెండోది, ఏ స్థాయి దాటితే ఎన్ని రోజుల్లో ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. తిరిగి కొలవడం, సెన్సర్లు పెంచడం, లోడు తగ్గించడం, ఆపడం అన్న మెట్లు ఎవరి ఇష్టాయిష్టాలకూ వదలకూడదు. మూడోది, వాయిదా వేయాలనుకుంటే వేయొచ్చు. కానీ ఎందుకు వేస్తున్నారో రాసి ఒక అధికారి సంతకం చేయాలి. నార్త్ హైడ్‌లో 2018 నాటి ఫలితానికి అలాంటి గడువూ పూచీ ఉంటే కథ మరోలా ఉండేది.

నాలుగోది నియంత్రణ మండళ్ల పని. ఆధారాలతో, ముందస్తుగా చేసే షట్‌డౌన్‌ను బ్రేక్‌డౌన్‌తో ఒకే గాటన కట్టకుండా చూడాలి. ఆపినందుకు శిక్ష, పేలినందుకు సానుభూతి అన్న తీరు మారితే తప్ప ఇంజనీర్లు నోరు విప్పరు. అయిదోది, వైఫల్యాల వివరాలు ప్రజల ముందుంచడం. విద్యుత్ చార్జీల్లో ట్రాన్స్‌మిషన్ వాటా కట్టేది వినియోగదారుడే. ఏటా ఎన్ని పరికరాలు పోయాయి, వాటిలో ఎన్నింటికి ముందే హెచ్చరిక అందింది, అందాక ఎన్ని రోజులు ఫైలు కదల్లేదు అని టారిఫ్ బహిరంగ విచారణల్లో అడిగే హక్కు అతనికుంది. హైదరాబాద్‌లోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ విచారణలు ఏటా జరిగేవే. అక్కడ కరెంటు కోత గురించి, మీటర్ల గురించి ప్రశ్నలు వినబడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ల వైద్య చరిత్ర అడిగేవారు మాత్రం అరుదు.

150 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని వినగల స్ఫటికం అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నది. లోపం ఏ మూల ఉందో అది మిల్లీ సెకన్లలో చెప్పగలదు. ఆ మాట షట్‌డౌన్ ఉత్తర్వుగా మారడానికి ఎన్ని బల్లలు దాటాలో, ఒక్కో బల్ల మీద ఎన్నాళ్లు ఆగాలో ముందు తేల్చుకోవాల్సింది విద్యుత్ సంస్థలే.